చూసి వెళ్ళిపోయేవాళ్ళు

పుణె,
జూన్ 9, 2024

మావయ్యకి, అత్తకి బిందు నమస్కారాలు.

మావయ్యా, ఫోనులో నా మాట నీకు వినపడదు. వినపడేలా అరిస్తే పక్క గదివాళ్ళు గోడ కొడుతున్నారు. అందుకే ఇలా రాస్తున్నాను. ఈమెయిల్ అయినా నువ్వు దీన్ని ఉత్తరమనే అంటావు కాబట్టి ఉత్తరంలాగే మొదలుపెట్టాను.

ఒక పని పడింది. అత్త పక్షవాతంతో పడిపోయిన కొత్తలో ఏ మంచం కొనాలో, ఏ పరుపు కొనాలో తెలీక మనం ఎంత తిరిగామో గుర్తుందిగా. ఆ తిరుగుడంతా చూశాకే నేను 'చేతిసాయం' సైటు పెట్టాను. మంచాన పడ్డవాళ్ళకి పనికొచ్చే వస్తువుల గురించి తెలుగులో రాస్తాను. చదివినవాళ్ళు నా పేజీలో లింకు నొక్కి ఆన్‌లైన్ అంగట్లో కొంటే నాకు కాస్త కమీషను వస్తుంది. రోజూ మూడు వందల మంది దాకా వస్తున్నారు. కొనేవాళ్ళు వారానికి ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళంతా చూసి వెళ్ళిపోతున్నారు. రంగులు మార్చాను, అక్షరాలు పెద్దవి చేశాను, బటన్ పైకి తెచ్చాను. ఏం లాభం లేదు. వచ్చినవాళ్ళకి అసలు ఏం కావాలో నాకు తెలియడం లేదు.

నీకు తెలుస్తుందని నా నమ్మకం. ముప్పై ఏళ్ళు స్టీలు ప్లాంటు స్టోర్సు కిటికీ దగ్గర కూచున్నవాడివి. చదివినవాళ్ళు అడిగిన ప్రశ్నలు, సైటులో వెతుకుతూ టైపు చేసిన మాటలు అన్నీ ఒకచోట చేర్చి పంపుతున్నాను. అత్త నిద్రపోయే వేళ చదివి జవాబులు రాసిపెట్టు.

ఇక్కడ వాన మొదలైంది. బట్టలు ఆరడం లేదు. ఆఫీసులో పొద్దస్తమానం ఇన్సూరెన్సు క్లెయిముల మీద అవును, కాదు అని టిక్కులు పెట్టడమే. అమ్మ పోయాక నాకు జడలేసిన చేతులు అత్తవి. ఆ కుడి చెయ్యి ఏమైనా కదులుతోందా?

నీ మేనకోడలు,
బిందు

*

కూర్మన్నపాలెం,
జూన్ 14

చి. బిందుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపినవన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను.

స్టోర్సు కిటికీ సంగతి ఎత్తావు కాబట్టి చెబుతాను. ఒకడొచ్చి "బావా, పెద్ద రెంచీ ఇయ్యి" అంటాడు. "ఏటికిరా?" అంటే, "బోల్టు కదల్లేదు" అంటాడు. తుప్పు పట్టిన బోల్టుకి పెద్ద రెంచీ వేస్తే తల ఊడి చేతికొస్తుంది. నేను నూనె డబ్బా ఇచ్చి పంపేవాణ్ణి. వాడు తిట్టుకుంటూ పోయేవాడు. సాయంత్రం ఊడిన బోల్టు పట్టుకొచ్చి డబ్బా వెనక్కిచ్చేవాడు.

బొబ్బిలి నుంచి ఒకావిడ ఏ గాలి పరుపు మంచిదని అడిగింది చూడు. ఆవిడ ఇంతకుముందే ఒకటి కొని వెనక్కి పంపేసిందట. నేను ఎందుకని రాసి అడిగితే చెప్పింది. పరుపులోకి గాలి కొట్టే పంపు చప్పుడుకి వాళ్ళమ్మ నిద్రపోవడం లేదట. నువ్వు అయిదు పరుపులు పెట్టి నక్షత్రాలు వేశావు గానీ, ఏది ఎంత చప్పుడు చేస్తుందో ఒక్కచోటా రాయలేదు. కరెంటు పోతే గాలి ఎంతసేపు నిలుస్తుందో కూడా లేదు. మన ఊళ్ళలో అందరూ మొదట అడిగేది అదే. ఆ రెండూ రాయి.

ఇంకొకరు ఎవరో 'అమ్మ వీపు ఎర్రగా' అని టైపు చేసి, మాట పూర్తిచెయ్యకుండా ఆగిపోయారు. వాళ్ళు పరుపు కొనడానికి రాలేదమ్మా. భయపడి వచ్చారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పమని, రోజూ వీపు చూసుకోమని, ఎరుపు తగ్గకపోతే డాక్టరుకి చూపించమని ఆ పేజీ మొదట్లోనే పెట్టు. పరుపు సంగతి తర్వాత.

ఇది రాస్తుంటే అత్త "ఏటి రాత్తన్నారంత సేపు?" అంది. మాట ముద్దగానే వస్తుంది గానీ పెదాలు చూస్తే నాకు తెలుస్తుంది. బిందుకి అన్నాను. "నాను బాగున్నానని రాయండి" అంది. రాశాను. చెయ్యి కదలడం లేదు.

మావయ్య,
రమణమూర్తి

*

పుణె,
జూన్ 30

మావయ్యా,

నువ్వు చెప్పినట్టు పంపు చప్పుడు, కరెంటు సంగతి రాశాక పరుపు పేజీ నుంచి ఈ రెండు వారాల్లో కొన్నవాళ్ళు అంతకుముందు రెండు నెలల్లో కొన్నవాళ్ళకంటే ఎక్కువ. మా టీములో ఒకబ్బాయికి చూపిస్తే, ఎవరీ రమణమూర్తి, ఏ కంపెనీలో చేశాడు అన్నాడు. మా మావయ్య అని గొప్పగా చెప్పాను.

కానీ ఒకటి. కర్నూలాయన ఒకరు చక్రాల కుర్చీ గురించి అడిగితే, "ఇప్పుడు కొనకండి, ముందు గుమ్మాలు కొలవండి" అని రాశావు. ఆయన కొనలేదు. లింకు నొక్కబోతున్న మనిషిని నువ్వే ఆపేశావు మావయ్యా! గుమ్మం కొలతలు వాళ్ళు చూసుకుంటారు. కొలవమని చెప్పు, కొనొద్దని చెప్పకు. ఆ రెండింటికీ తేడా ఉంది.

నేనెందుకింత తొందరపడుతున్నానో తర్వాత చెబుతాను. ఇప్పుడు అడగకు.

మంచాల మీద ఒక పేజీ కావాలి. తల వైపు ఎత్తేవి, కాళ్ళ వైపు ఎత్తేవి, చేత్తో తిప్పేవి, కరెంటువి. పధ్నాలుగు నెలలుగా నువ్వు చూస్తున్న మంచమే కదా, నీకంటే బాగా ఎవరు రాస్తారు? జులై ఇరవైలోగా పంపితే బాగుంటుంది.

అత్తకి నా ముద్దులు.

బిందు

*

కూర్మన్నపాలెం,
జులై 12

చి. బిందుకి,

మన కుర్చీ ఎక్కడుందో నీకు తెలుసా? గుమ్మంలోంచి అంగుళమున్నర తేడాతో పట్టలేదు. వరండాలో ఉంది. పక్కింటి కొండలరావు భార్య దానిమీద చింతపండు ఆరబెట్టుకుంటోంది. అత్తని వీధి చూపిద్దామని కొన్నది అది. ఆ రోజు అది లోపలికి పట్టలేదని చెబితే అత్త నాకేసి చూసి, "పోన్లెండి" అంది. కర్నూలాయన ఇంట్లో ఆ మాట ఎవరూ అనకూడదని రాశాను.

నీకు అమ్మకాలు కావాలి. అర్థమైంది. ఇక మీదట కొనొద్దని ఎవరికీ రాయను.

మంచం గురించి రాస్తాను గానీ కాస్త ఆలస్యమవుతుంది. అత్తకి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. గాజువాక నుంచి డాక్టరొచ్చి చూసి వెళ్ళాడు. తగ్గింది. తిండి మాత్రం సరిగా తీసుకోవడం లేదు.

నిన్న మధ్యాహ్నం "బిందు ఎప్పుడొత్తాది?" అంది. పనుందట అన్నాను. "దాని పని దాన్ని సేసుకోనియ్యండి. రమ్మని రాయకండి" అంది. అందుకని రమ్మని రాయడం లేదు.

ఇక్కడ వాన రెండు రోజులు కురిసి ఆగింది. ఉక్కపోత.

మావయ్య

*

పుణె,
జులై 28

మావయ్యా,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. ఒక చిన్న మాట అన్నందుకు 'ఇక రాయను' అనేస్తావా? నేనేమైనా జనాన్ని మోసం చేస్తున్నానా? 'రమ్మని రాయడం లేదు' అని రాశావు. అది రమ్మనడమో, వద్దనడమో ఎంత ఆలోచించినా తేలలేదు. సెప్టెంబరు దాకా నాకు సెలవు లేదు. జ్వరం తగ్గిందన్నావు కాబట్టి ధైర్యంగా ఉన్నాను.

ఇరవై దాటి ఎనిమిది రోజులైంది. మంచం పేజీ రాలేదు. నీకు ఆసక్తి పోయిందని అర్థమవుతోంది. ఇష్టం లేకపోతే చెప్పు, వేరేవాళ్ళ చేత రాయించుకుంటాను.

ఈ నెల జనం వెతికిన మాటలు పంపుతున్నాను. వీటిలో కొన్ని వదిలెయ్. 'వాడిన మంచం ఎవరికైనా ఇవ్వాలి', 'మిగిలిన డైపర్ల పాకెట్లు ఏం చెయ్యాలి', 'ఇంట్లో సామాను తీసుకెళ్ళేవాళ్ళు' ఇలాంటివి చాలా వచ్చాయి. వీళ్ళు కొనేవాళ్ళు కారు. వీళ్ళ పని అయిపోయింది. మనకి కావలసింది ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళు.

బిందు

*

కూర్మన్నపాలెం,
ఆగస్టు 19

బిందుకి,

మంచం గురించి రాయమన్నావు. రాశాను. నువ్వు వదిలెయ్యమన్నవాళ్ళ కోసం రాశాను. నాకు ఇప్పుడు ఇదొక్కటే రాయడం వచ్చింది. నీకు కావలసినట్టు మార్చుకో.

మావయ్య

మంచం ఖాళీ అయ్యాక

ఎవరో ఒకరు వచ్చి ఇదంతా తీసేద్దామంటారు. మీ మంచికే అంటారు. మీకు అనిపించేదాకా ఆగండి. గాలి పరుపు పంపు మాత్రం ఆపెయ్యండి. ఆపాక ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుందంటారు.

దిండు మీద తల పెట్టిన గుంట కొన్నాళ్ళు ఉంటుంది. దాన్ని సరిచెయ్యకండి.

విప్పిన మందులు ఎవరికీ ఇవ్వకండి. విప్పని డైపర్ పాకెట్లు వృద్ధాశ్రమాల్లో తీసుకుంటారు. వెళ్ళేముందు ఏ సైజు కావాలో అడగండి. మంచాన్ని సబ్బునీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టండి. ఇచ్చేటప్పుడు మర తిప్పే పిడి, బోల్టులు ఒక గుడ్డసంచిలో వేసి మంచానికే కట్టి ఇవ్వండి. తీసుకునేవాళ్ళు తొందరలో ఉంటారు, వెతుక్కోలేరు.

రెండు గంటలకోసారి మెలకువ వచ్చే అలవాటు మీకు వెంటనే పోదు. లేచినా చెయ్యడానికి పని ఉండదు. కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ పడుకోండి.

*

పుణె,
ఆగస్టు 24

మావయ్యా!

నువ్వు గెలిచావు. నేను వదిలెయ్యమన్నవాళ్ళ కోసమే రాసి నాకు బుద్ధి చెప్పావు. మూడు రోజుల్లో ఈ పేజీ చదివినంతమంది మన సైటులో ఏ పేజీనీ చదవలేదు. చివరిదాకా చదువుతున్నారు, మళ్ళీ వచ్చి చదువుతున్నారు. కింద ఎంతమంది తమ ఇంటి సంగతులు రాశారో! అత్త ఇంట్లో ఉండగా ఇదంతా ఎలా ఊహించావు మావయ్యా? ఆ పంపు ఆపేసిన నిశ్శబ్దం, రెండు గంటలకోసారి మెలకువ... స్టోర్సులో ఉండాల్సినవాడివి కావు నువ్వు.

రెండు మార్పులు చేశాను, కోప్పడకు. దిండు మీద గుంట అన్నది తీసేశాను, చదువుతుంటే కాస్త భయం వేసింది. ఇంతమంది వస్తున్నప్పుడు ఊరికే పోనివ్వడం ఎందుకని చివర్లో 'కొత్త మంచాల ధరలు ఇక్కడ చూడండి' అని ఒక బటన్ పెట్టాను. ఎవరో ఒకరు బంధువుల కోసమైనా నొక్కుతారు.

అత్తకి మాత్రం ఈ పేజీ చదివి వినిపించకు. ఆవిడ బెంగపెట్టుకుంటుంది. సెప్టెంబరు రెండో వారంలో వస్తున్నానని చెప్పు. ఈసారి నాకు పొట్లకాయ కూర వద్దని, బెల్లం వేసిన ఆనపకాయే కావాలని చెప్పు. ఎలా చెయ్యాలో నీకు చెబుతుంది, నువ్వు వండుదువుగాని.

నీ ప్రియమైన శత్రువు,
బిందు

*

కూర్మన్నపాలెం,
ఆగస్టు 26

అమ్మా బిందూ,

నీ ఉత్తరం చదివి, ముందు ఫోను మంచం మీద విసిరేశాను. ఇంత రాయిలా ఎప్పుడు మారిపోయావు అనుకున్నాను. తర్వాత ఆనపకాయ మాట మళ్ళీ చదివాను. చదివి కొండలరావు ఇంటికి వెళ్ళాను.

నీకు తెలీదు కదా?

అత్త పోయిందమ్మా. ఆగస్టు మూడో తారీఖు, శనివారం.

పొద్దున్న చెంచాతో కాఫీ పట్టాను. మూడు చెంచాలు తాగి చాలంది. గ్లాసు కడిగి, తడిగుడ్డ తెచ్చేసరికి తల పక్కకి వాలి ఉంది. నేను వంటింట్లో ఉన్నప్పుడు పిలిచిందో లేదో నాకు తెలీదు. నా చెవులు అలాంటివి. ఎవరిని అడగను?

నీకు చెప్పే పని కొండలరావు తీసుకున్నాడు. వాడి ఫోనులో ఉన్న నీ నంబరుకి వాట్సాప్‌లో వార్త పెట్టాడు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. "రెండు నీలం గీతలు పడ్డాయి బావా, సూసింది. బయల్దేరే ఉంటాది" అన్నాడు. నీకోసం సాయంత్రం నాలుగు దాకా ఉంచాం. తర్వాత ఇంక ఉంచలేకపోయాం. పదకొండో రోజుకైనా వస్తావనుకున్నాను. గుమ్మంలో ఎవరి నీడ పడ్డా లేచాను.

నువ్వు చూసి కూడా రాలేదంటే నామీద కోపమే కారణమనుకున్నాను. కుర్చీ గురించి అలా రాయకుండా ఉండాల్సింది అనుకున్నాను. నీకు ఉత్తరం రాద్దామని కూచుంటే 'అత్త పోయింది' అనే మాట చేతికి రాలేదు. నీకు తెలిసిందే మళ్ళీ ఎందుకు రాయడం అనిపించింది. అందుకే ఆ మంచం కాగితం రాశాను. అది చదివితే నా పరిస్థితి నీకు తెలుస్తుందనుకున్నాను.

ఇందాక కొండలరావు ఆ నంబరు మీద బొమ్మ పెద్దదిచేసి చూపించాడు. ఎవరో మీసాలాయన. అప్పుడు చూసుకోలేదు మేం.

నీకు ఇప్పుడు తోడుగా ఎవరున్నారు? ఒక్కదానివే ఉంటే పక్కింటివాళ్ళని పిలుచుకో. వెంటనే జవాబు రాయి.

మావయ్య

*

పుణె,
ఆగస్టు 26

మావయ్యా,

రేపు మధ్యాహ్నం విమానానికి వస్తున్నాను. నువ్వు విమానాశ్రయానికి రాకు. ఇంట్లోనే ఉండు.

నా నంబరు మారి రెండు నెలలైంది. సైటు పని కోసం కొత్తది తీసుకుని, ఆఫీసువాళ్ళిచ్చిన పాత సిమ్ము వాళ్ళకి తిరిగిచ్చేశాను. ఎవరికి ఇచ్చారో వాళ్ళు. నీకెలాగూ ఫోను వినపడదు కదా అని నీకు చెప్పలేదు. నేను అందరికీ చెప్పాను మావయ్యా, బ్యాంకుకి చెప్పాను, గ్యాసువాళ్ళకి చెప్పాను.

తొందర ఎందుకో తర్వాత చెబుతానన్నాను కదా. సైటు మీద నా జీతంలో సగమైనా నిలకడగా వస్తే ఉద్యోగం మానేసి కూర్మన్నపాలెం వచ్చేద్దామనుకున్నాను. నువ్వు ఒంటరిగా అత్తని ఎత్తలేకపోతున్నావని నాకు తెలుసు. అంతా కుదిరాక ఒకేసారి వచ్చి గుమ్మంలో నిలబడదామని దాచాను. ఇంకో నాలుగు నెలలు అనుకున్నాను. కర్నూలాయన కుర్చీ కొంటే ఒకరోజు ముందు రావచ్చని లెక్కేసుకున్నాను. నీకు అమ్మకాలు కావాలి అని నువ్వు రాసినప్పుడు కూడా చెప్పలేదు.

'వీళ్ళ పని అయిపోయింది' అని రాశాను నేను. అత్త పోవడానికి ఆరు రోజుల ముందు.

బటన్ తీసేశాను. దిండు గురించి నువ్వు రాసింది మళ్ళీ పెట్టాను. అది ఇంకా అలాగే ఉందా? నేను వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు.

బిందు

*

కూర్మన్నపాలెం,
సెప్టెంబరు 29

చి. బిందుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వెళ్ళి రెండు వారాలైంది. నువ్వు కడిగి బోర్లించిన గిన్నెలు చాలా రోజులు అలాగే ఉంచాను. ఇప్పుడు వాడుకుంటున్నాను.

వెళ్ళేముందు బస్టాపులో, "నాలుగు నెలలు ఆగకుండా నాలుగు రోజులు వచ్చినా సరిపోయేది కదా మావయ్యా" అన్నావు. వినపడనట్టు ఊరుకున్నాను. పెదాలు చూశాను, తెలిసింది. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. రమ్మని రాయాల్సింది నేను. అత్త వద్దంది. నాకు ఆ మాట పట్టుకోవడం సులువైంది. ఊరివాళ్ళ ప్రశ్నలన్నిటికీ వెనక ఏముందో వెతికినవాణ్ణి, నా ఇంట్లో ఆ ఒక్కమాట వెనక ఏముందో చూడలేదు. నువ్వు ఒక్కదానివే మొయ్యకు.

మంచం, గాలి పరుపు మొన్న ఇచ్చేశాను. మన పేజీ చదివి పద్మనాభం ఊరి నుంచి ఎల్లారావు అనే అతను, అతని చెల్లెలు దేవి ట్రాలీ ఆటో వేసుకుని వచ్చారు. వాళ్ళమ్మకి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఇంకా నెల కాలేదు. ఎల్లారావు మర తిప్పి, చక్రాలు చూసి, "బాగుంది బాబుగారూ, ఎత్తేద్దామా" అన్నాడు. దేవి మాత్రం మంచం చుట్టూ తిరుగుతోంది. ఆఖరికి దగ్గరికొచ్చి, నాకు చెవుడని చెప్పాను కాబట్టి, నా ముఖానికి ఎదురుగా నిలబడి అంది.

"అమ్మని ఎలా తిప్పాలో తెలీదండి. నాను తిప్పితే ఏడుత్తాది. సూపిత్తారా?"

నా దిండుతో చూపించాను. దిండుకి బరువు లేదు కదా, ఆమెకి అర్థం కాలేదు. అందుకని నేనే ఎక్కి వెల్లకిలా పడుకున్నాను. ఒక చెయ్యి భుజం కింద పెట్టు, ఇంకో చెయ్యి తుంటి దగ్గర, మోకాలు ముందు మడవాలి, లాగకూడదు, దొర్లించాలి అని చెబుతున్నాను. దేవి ఒకసారి తిప్పి మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టింది. చెబుతూ చెబుతూ ఆగిపోయాను.

ట్యూబ్ లైటు సరిగ్గా కళ్ళల్లో పడుతోంది బిందూ. దాని పక్కన ఫ్యాను, పైకప్పు మీద పెచ్చు లేచిన చోటు, పక్కకి తిప్పితే గోడ. అంతే. కిటికీ తల వెనకాల ఉంది. గుమ్మం కాళ్ళ వైపు కాదు, ఎంత మెడ తిప్పినా కనపడకుండా తల వెనక మూలన ఉంది. వీధిలో కూరలబండి వస్తే కనపడదు, మనిషి ఇంట్లోకి వస్తే కనపడదు. పధ్నాలుగు నెలల పైన మీ అత్త చూసింది ఆ ట్యూబ్ లైటు. పగలంతా కళ్ళు మూసుకునే ఉండేది. నిద్రపోతోందనుకుని నేను చప్పుడు చెయ్యకుండా తిరిగేవాణ్ణి. మంచం అలా వేసింది నేనే. పంపు ప్లగ్గు ఆ గోడకి ఉంది, అందుకని.

"ఏటయ్యింది బాబుగారూ, నొప్పి సేసిందా?" అంది దేవి.

"లేదమ్మా. బాగానే తిప్పావు. ఇంకోసారి తిప్పు" అన్నాను. ముఖం గోడ వైపు ఉండేలా తిప్పించుకున్నాను.

మంచం ఎక్కించేటప్పుడు ఎల్లారావుకి చెప్పాను, ప్లగ్గు ఎక్కడుంటే అక్కడ వెయ్యొద్దు, పొడుగు వైరు కొనుక్కో, గుమ్మం కనపడేలా వెయ్యమని. అలాగేనన్నాడు. దేవి ఆటోలో మంచం పక్కనే కూచుంది.

ఈ సంగతి సైటులో ఎవరూ వెతకరు. వెతకాలని తెలిస్తే కదా. అయినా మంచం పేజీలో అన్నిటికంటే పైన రాయి: మీవాళ్ళని పడుకోబెట్టేముందు ఒకసారి మీరు దానిమీద పడుకుని చూడండి.

మావయ్య